ఉద్దానం కిడ్నీ జబ్బు: పెద్దమ్మ రిపోర్టులో 1.2, నేను చూడని 52

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలో ఒక ఊరు. విజయనగరంలో బీటెక్ చేసి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజులు. సంక్రాంతికి ఇంటికొస్తే మా పెద్దమ్మ ఒక ప్లాస్టిక్ కవర్ చేతిలో పెట్టింది. "ఒరే నాన్నా, నువ్వు సదువుకున్నోడివి కదా, ఇందులో ఏటుందో సూడు" అంది. లోపల రక్త పరీక్ష రిపోర్టు. క్రియాటినిన్ 1.2. పక్కనే నార్మల్ రేంజ్ 0.6 నుంచి 1.4 అని ఉంది. పది సెకన్లు చూసి "నార్మలే పెద్దమ్మా, ఏం కాలేదు" అనేశాను. అప్పుడు ఆమెకి 60 ఏళ్ళు.

రెండేళ్ళకి మళ్ళీ చేయిస్తే క్రియాటినిన్ 2.9. ఇప్పుడు నెఫ్రాలజిస్ట్ దగ్గర మందులు వాడుతోంది.

1.2 అంకె తప్పు కాదు. ల్యాబ్ తప్పూ కాదు. ఆ అంకె ఏం చెబుతోందో నాకు తెలియలేదు, అంతే. ఈ రోజు మాట్లాడేది దాని గురించే. మన ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఇన్నేళ్ళుగా పరిశోధన జరుగుతోంది కదా, కారణం ఎందుకు దొరకలేదు? దొరక్కపోయినా ఆ పరిశోధన మనకి ఏం ఇచ్చింది? మన వంతు ఏమిటి?

అసలు ఈ జబ్బు ఏమిటి

బయటి ఊళ్ళ వాళ్ళ కోసం ఒక మాట. ఉద్దానం అంటే జిల్లాలో ఉత్తరం వైపు సముద్రం ఒడ్డు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. చూస్తే కోనసీమలా ఉంటుంది. కానీ ఇక్కడ షుగర్ లేనివాళ్ళకి, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. మామూలుగా కిడ్నీ జబ్బుకి ఆ రెండే పెద్ద కారణాలు. అవి లేకుండా వస్తే డాక్టర్లు దాన్ని సీకేడీయూ అంటారు. అంటే కారణం తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు.

ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల చిన్న చిన్న ఫిల్టర్లు ఉంటాయి. ఫిల్టర్ అయిన నీటిలో ఒంటికి కావలసినదాన్ని వెనక్కి తీసుకోవడానికి ప్రతి ఫిల్టర్‌కీ ఒక సన్న గొట్టం ఉంటుంది. షుగర్ జబ్బులో ముందు దెబ్బ తినేది సాధారణంగా ఫిల్టర్. సీకేడీయూలో ముందు దెబ్బ తినేది ఆ గొట్టం, దాని చుట్టూ ఉన్న కణజాలం. అందుకే తొలి దశలో మూత్రంలో ప్రొటీన్ చాలా తక్కువ పోవచ్చు, అసలు పోకపోవచ్చు కూడా. కాళ్ళ వాపు ఉండదు, నొప్పి ఉండదు. మనిషి తోటకి వెళ్తాడు, పని చేసుకుంటాడు, తింటాడు. లోపల మాత్రం ఫిల్టర్లు ఒక్కొక్కటిగా ఆగిపోతుంటాయి.

ఎంతమందికి ఉంది? డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో కిడ్నీ జబ్బు సుమారు 18 శాతం మందిలో కనిపించింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ బృందం ఉద్దానం పల్లెల్లో సుమారు 2,400 మంది పెద్దవాళ్ళని పరీక్షించి 2020లో ఫలితం ప్రచురించింది. అందులో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి. రెండు వేరువేరు బృందాలు, దగ్గర దగ్గర అంకెలు. అంటే ఇది పుకారు కాదు, ఎవరో పెంచి చెప్పిన లెక్కా కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ రెండు చోట్లా పల్లెల్లోకి వెళ్ళి మనుషుల్ని పరీక్షించారు. ఆస్పత్రికి వచ్చిన వాళ్ళనే లెక్కపెడితే ముదిరినవాళ్ళే దొరుకుతారు. మా పెద్దమ్మలా "బాగానే ఉన్నాను" అనుకునేవాళ్ళు దొరకాలంటే ఊళ్ళోకే వెళ్ళాలి.

అదే 1.2, ఒకరికి 83, ఒకరికి 52

ఇప్పుడు ఆ రిపోర్టు దగ్గరకొద్దాం. క్రియాటినిన్ అంటే మన కండరాలు పనిచేస్తూ వదిలే వ్యర్థం. కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది. కిడ్నీ మందగిస్తే రక్తంలో అది పెరుగుతుంది. కానీ చిక్కు ఏమిటంటే, కండ ఎక్కువ ఉన్న మనిషిలో అది మొదటినుంచీ ఎక్కువే తయారవుతుంది. సన్నగా ఉన్న పెద్దావిడలో తక్కువ తయారవుతుంది. అందుకే ఒక్క అంకె అందరికీ ఒకే అర్థం ఇవ్వదు.

అందుకని డాక్టర్లు క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నది కలిపి ఒక సూత్రంలో పెట్టి ఈజీఎఫ్ఆర్ అనే అంకె తీస్తారు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో దాని అంచనా అది. 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంలో నేనే వేసి చూశాను. 30 ఏళ్ళ మగవాడికి క్రియాటినిన్ 1.2 ఉంటే ఈజీఎఫ్ఆర్ 83 వస్తుంది. 60 ఏళ్ళ ఆడమనిషికి అదే 1.2 ఉంటే 52 వస్తుంది.

90 పైన ఉంటే మంచిది. 60 నుంచి 89 మధ్య ఉంటే, వేరే దెబ్బ ఆనవాళ్ళు లేకపోతే, దాన్నొక్కదాన్నే చూసి జబ్బు అనరు. 60 కంటే తక్కువ మూడు నెలలకి మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 15 కంటే తగ్గితే చివరి దశ. మా పెద్దమ్మ 52 దగ్గర ఉన్నప్పుడు నేను "నార్మలే" అన్నాను. 2.9 వచ్చేసరికి ఆమె ఈజీఎఫ్ఆర్ 18 దగ్గరికి పడిపోయింది. సగం దాకా పని పోయినా క్రియాటినిన్ నార్మల్ గీత దాటకపోవచ్చు. అందుకే ఆ గీతని నమ్ముకుని కూర్చోకూడదు.

అలాగని ఒక్క రిపోర్టు చూసి భయపడిపోకండి. ముందు రోజు మాంసం బాగా తిన్నా, ఎండలో పనిచేసి నీళ్ళు తాగకపోయినా, జిమ్‌లో గట్టిగా చేసినా క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. అందుకే మూడు నెలల తర్వాత మళ్ళీ చేయమంటారు. పైగా ఈ సూత్రాలు ఎక్కువగా అమెరికా, యూరప్ మనుషుల డేటాతో తయారైనవి. మన దగ్గర సన్నగా, కండ తక్కువగా ఉన్నవాళ్ళలో కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు చూపించొచ్చు. కండరాలతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే పరీక్ష ఉంది, కానీ ఖర్చు ఎక్కువ. పరీక్షల్ని మన ఒంటికి తగ్గట్టు సరిచేసుకోవడం కూడా పరిశోధనే.

కారణం ఎందుకు దొరకలేదు

మేం కోడ్ రాసేటప్పుడు ఒక బగ్ వస్తే ఏం చేస్తాం? లాగ్ చూస్తాం, ఎప్పుడు మొదలైందో చూస్తాం, మళ్ళీ అదే బగ్ వచ్చేలా చేసి చూస్తాం. ఇక్కడ ఆ మూడూ కుదరవు. జబ్బు బయటపడేసరికి, అది మొదలై ఎన్నో ఏళ్ళు అయిపోయి ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట ఆ మనిషి ఏ బావి నీళ్ళు తాగాడు, ఏ మందు చల్లాడు, ఎండలో ఎన్ని గంటలు ఉన్నాడు? లాగ్ లేదు. మనుషుల మీద బగ్‌ని మళ్ళీ తెప్పించి చూడలేం కదా.

అనుమానితుల జాబితా మాత్రం పెద్దది. భూగర్భ నీటిలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నీళ్ళు తక్కువ తాగడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం. ఏదో ఒకటే తప్పంతా అని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. నీటిలో ఒక పదార్థం ఎక్కువ ఉన్నంత మాత్రాన అదే కారణం కాదు. అదే నీళ్ళు తాగి బాగున్నవాళ్ళ సంగతీ చూడాలి, ఆ పదార్థం లేని చోట జబ్బు ఉందో లేదో కూడా చూడాలి.

ఇలాంటి జబ్బు మనకి ఒక్కళ్ళకే కాదు. శ్రీలంకలో అనురాధపుర చుట్టుపక్కల వరి రైతులకి ఉంది. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరుకు కోత కూలీలకి ఉంది. నికరాగ్వాలో ఒక చక్కెర మిల్లు కూలీలకి పని మధ్యలో విశ్రాంతి, నీడ, నీళ్ళు పెంచాక కిడ్నీ దెబ్బ తగ్గినట్టు పరిశోధకులు చూశారు. అక్కడ కారణం పూర్తిగా తేలలేదు. అయినా నష్టం తగ్గించే పని ఆగలేదు.

ఇంకో కథ ఉంది, నాకు ధైర్యం ఇచ్చేది. యూరప్‌లో డాన్యూబ్ నది ఉపనదుల ఒడ్డున, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, బల్గేరియా, రొమేనియా పల్లెల్లో అచ్చం ఇలాగే ఒక కిడ్నీ జబ్బు. 1950లలో డాక్టర్లు దాని గురించి రాశారు. కొన్ని ఊళ్ళకే, కొన్ని ఇళ్ళకే వచ్చేది. నీళ్ళన్నారు, లోహాలన్నారు, వైరస్ అన్నారు, రక్తంలోనే ఉందన్నారు. 1969లో ఇవిచ్ అనే పరిశోధకుడు, గోధుమ చేలల్లో పెరిగే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయేమో అన్నాడు. అది అరిస్టొలోకియా జాతి మొక్క. ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1990లలో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్ళకి కిడ్నీలు పోయాయి. చూస్తే అందులోనూ అదే జాతి మొక్క. చివరికి 2007లో ఆర్థర్ గ్రోల్‌మన్ బృందం, ఆ పల్లెల రోగుల కిడ్నీ కణాల డీఎన్‌ఏ మీద ఆ విషం అంటుకుని వదిలిన గుర్తుల్ని ల్యాబ్‌లో చూపించింది.

దగ్గర దగ్గర 50 ఏళ్ళు. ఆ రోగుల కిడ్నీ ముక్కలు ల్యాబ్‌లో భద్రంగా లేకపోతే ఆ రుజువు దొరికేది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

దెబ్బని ముందే పట్టుకునే పరీక్షలు

2017 జులైలో హార్వర్డ్ మెడికల్ స్కూల్ నుంచి డాక్టర్ జోసెఫ్ బోన్‌వెంట్రే బృందం విశాఖపట్నం వచ్చింది, ఉద్దానం జబ్బు గురించి మాట్లాడటానికి. అప్పట్లో మన ఫోన్లన్నిటికీ ఆ వార్త వచ్చింది, కానీ అందులో ఎవరు వచ్చారన్నదే ఎక్కువ కనిపించింది. ఆయన ల్యాబ్ చేసిన పని ఏమిటో చెప్తాను. 1998లో వాళ్ళు కిమ్-1 అనే ప్రొటీన్‌ని గుర్తించారు. కిడ్నీలోని ఆ సన్న గొట్టాలకి దెబ్బ తగిలితే ఆ కణాలు దీన్ని తయారుచేస్తాయి, అది మూత్రంలోకి వస్తుంది.

తేడా చూడండి. క్రియాటినిన్ అంటే ఇల్లు కాలాక కనిపించే బూడిద. కిమ్-1 లాంటివి పొగ. పొగ కనిపించినప్పుడే తెలిస్తే ఆర్పొచ్చు. అయితే ఇలాంటి పరీక్ష మన ఊరి పీహెచ్‌సీలో వాడాలంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి. ఈ రోజు ఆ ప్రొటీన్ ఎక్కువ ఉన్నవాళ్ళకే ఐదేళ్ళ తర్వాత నిజంగా కిడ్నీ తగ్గుతోందా? అది తెలియాలంటే ఒకే మనుషుల్ని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ ఉండాలి. ఒక్కరోజు శిబిరం పెట్టి వెళ్ళిపోతే జవాబు రాదు.

మందులు ఎవరి మీద పరీక్షించారు

ఇటీవలి ఏళ్ళలో కిడ్నీ వైద్యంలో మంచి వార్త ఉంది. షుగర్ కోసం తయారైన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు, షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేశాయి. 2020లో వచ్చిన డాపా-సీకేడీ ట్రయల్‌లో 4,304 మంది ఉన్నారు. 2022లో వచ్చిన ఎంపా-కిడ్నీ ట్రయల్‌లో 6,609 మంది.

"మరి మాకూ ఇవ్వొచ్చు కదా?" అని అడుగుతారు. ఇక్కడే ట్రయల్‌లోకి ఎవరిని తీసుకున్నారో చూడాలి. డాపా-సీకేడీలో చేరాలంటే మూత్రంలో ప్రొటీన్ బాగా పోతుండాలి. సీకేడీయూలో చాలామందికి అది తక్కువే పోతుందని ఇందాక అనుకున్నాం. అంటే వాళ్ళు ఆ ట్రయల్ గేటు దగ్గరే ఆగిపోతారు. ఎంపా-కిడ్నీలో ఈజీఎఫ్ఆర్ 20 నుంచి 45 మధ్య ఉన్నవాళ్ళని, ప్రొటీన్ పోకపోయినా, తీసుకున్నారు. కానీ అది జరిగిన 8 దేశాల్లో ఇండియా లేదు. ఎండలో తోట పని చేసి, ఒంట్లో నీరు తగ్గిపోయే మనిషికి ఈ మందు ఎలా ఉంటుంది? ఇవి మూత్రాన్ని కాస్త ఎక్కువ చేసే మందులు, కాబట్టి ఆ ప్రశ్న చిన్నది కాదు. దయచేసి ఈ వీడియో చూసి మెడికల్ షాపులో కొనుక్కోకండి. ఇవ్వాలా వద్దా అన్నది మీ డాక్టరు మీ రిపోర్టులు చూసి చెప్పాలి.

నీళ్ళ పైపు కూడా ఒక ప్రశ్నే

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి వంశధార నీళ్ళు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా. కారణం నీళ్ళే అని తేలకుండా అంత డబ్బు ఎందుకు అన్నవాళ్ళూ ఉన్నారు. శుభ్రమైన నీళ్ళు ఎలాగూ కావాలి, దానికి కిడ్నీ జబ్బు సాకు అక్కర్లేదు. కానీ పరిశోధన వైపు నుంచి చూస్తే ఇది ఇంకో పని కూడా చేస్తుంది. నీళ్ళు మారకముందు ఎంతమందికి జబ్బు ఉందో 2020 నాటికే కొలిచి పెట్టారు. నీళ్ళు మారాక పుట్టి పెరిగే పిల్లల్లో, ఇప్పుడు ఇరవైల్లో ఉన్న మనలో, పదేళ్ళ తర్వాత మళ్ళీ కొలిస్తే? జబ్బు తగ్గితే నీళ్ళ మీద అనుమానం బలపడుతుంది. తగ్గకపోతే వేరే చోట వెతకాలి. ఏ జవాబు వచ్చినా ఉపయోగమే, కాకపోతే కొలవడం ఆపకూడదు.

రక్తం ఇచ్చేముందు

ఆ మధ్య ఊళ్ళోకి శాంపిళ్ళ కోసం ఒక బృందం వచ్చింది. మా పెద్దమ్మ వాకిట్లోంచే అడిగింది: "ఏటి బావూ, మళ్ళీ రగతమా? ముందు తీసికెళ్ళింది ఏటయ్యింది?" వచ్చిన కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఆమె ఇవ్వలేదు.

ఆమె కోపం న్యాయం. ఏళ్ళ తరబడి రక్తం ఇచ్చి, రిపోర్టు చేతికి రాని ఇళ్ళు మా చుట్టుపక్కల ఉన్నాయి. ఉద్దానం అంటే చాలు సంబంధాలు వెనక్కి పోతున్న ఇళ్ళూ ఉన్నాయి. ఊరి పేరు బయటికి పోతుంది, ఇంట్లోకి మాత్రం ఏమీ రాదు. అలాంటప్పుడు ఎవరైనా ఎందుకిస్తారు? కానీ ఇవ్వకపోతే ఏమవుతుందో డాన్యూబ్ కథలో చూశాం. దాచిన శాంపిల్ లేకపోతే జవాబే లేదు.

కాబట్టి నా మాట, ఇవ్వండి, కానీ అడిగి ఇవ్వండి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మనకి అర్థమయ్యే భాషలో వివరం చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చు, దానివల్ల మీ వైద్యం ఆపకూడదు. మీ అమ్మానాన్నల తరఫున మీరు పక్కన నిలబడి ఈ నాలుగు అడగండి: ఇది ఏ సంస్థది? నా రిపోర్టు నాకెప్పుడు, ఎలా ఇస్తారు? తేడా ఉంటే ఎవరి దగ్గరికి పంపుతారు? నా శాంపిల్ దాచి తర్వాత వాడతారా? మందు ఇచ్చే ట్రయల్ అయితే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదైందో లేదో ఫోన్‌లోనే చూడొచ్చు. 2009 నుంచి అది తప్పనిసరి.

ఈ రోజే చేయగలిగింది

ఇంట్లో ఉన్న పాత రిపోర్టులన్నీ తీసి ఫోటోలు తీయండి. తేదీ వారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ప్రతి క్రియాటినిన్ పక్కన అప్పటి వయసుతో ఈజీఎఫ్ఆర్ లెక్కేసి రాయండి. ఒక్క అంకె కంటే అది ఎటు పోతోందో ముఖ్యం. 60 కంటే తక్కువ వచ్చినా, ఏడాదికేడాది గబగబా పడుతున్నా డాక్టరుకి చూపించండి. ఒళ్ళు నొప్పులంటే డైక్లోఫినాక్ లాంటి మాత్రలు, ఇంజెక్షన్లు అలవాటుగా వేయించుకోకండి, అవి కిడ్నీకి మంచివి కావు. ఎండలో పని చేసేవాళ్ళకి నీళ్ళ బాటిల్, మధ్యలో నీడ. ఇప్పటికే జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఎంత నీళ్ళు తాగాలో డాక్టర్ని అడిగి తాగండి.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు పెద్దమ్మ రిపోర్టులన్నీ వరసగా పేర్చి, అంకెలు గీత గీసి చూపించాను. నేను "నార్మలే" అన్న రోజు కూడా అందులో ఉంది. ఆమె చాలాసేపు చూసి, "మరి ఇది అప్పుడే తెలిసేదారా?" అంది. తెలిసేదే పెద్దమ్మా అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపయ్యాక కవర్ తిరిగి నా చేతికిచ్చి, "మీ అమ్మది కూడా సూడు" అంది.

చూశాను. మీ ఇంట్లో వాళ్ళది మీరూ చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.